పావు తిప్పు

ఎవాల్ట్ పావ్లిక్ కథ చెప్పేముందు చొక్కా జేబులోంచి ఒక బాల్ పెన్ను తీస్తాడు. రాయడానికి కాదు. కథ నడిచినంతసేపూ బొటనవేలితో దాని తల నొక్కుతూనే ఉంటాడు, టిక్కు, టిక్కు, టిక్కు, గోడ గడియారం కొట్టినట్టు. ఆ చప్పుడు మొదలైందంటే మా అక్వేరియం క్లబ్బులో అందరం కాఫీ కప్పులు పట్టుకుని కుర్చీలు దగ్గరికి లాక్కుంటాం. కోతలని తెలుసు. అయినా ఆదివారం పొద్దున్నే చేపల జబ్బుల గురించి వినడం కంటే కోతలు వినడం నయం కదా.

నేను ఆ క్లబ్బులో కాఫీ పోసే మనిషిని. నెలకోసారి, మొదటి ఆదివారం, బీరు కొట్టు వెనక హాల్లో కలుస్తాం. చేపపిల్లల్ని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఒకరికొకరం మార్చుకుంటాం, పచ్చికీమా మీద ఉల్లిపాయ ముక్కలు చల్లిన బన్నులు తింటాం. సగంమంది గని మనుషులే. ఊళ్లో బొగ్గు గనులన్నీ మూతపడ్డాయి గానీ మా క్లబ్బు మాత్రం మూతపడలేదని గొప్పలు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఆ గొప్పా పోయింది. కొట్టు యజమాని ముసలివాడయ్యాడు, బిల్డింగు పడగొట్టేస్తున్నారు. నేను చెప్పబోయే ఆదివారం ఆ హాల్లో మాకు ఆఖరిది.

హాలు మూలన క్లబ్బు పెద్ద తొట్టి ఉంది. అందులో ఐదు చేపలు. నారింజరంగు ఒంటిమీద మూడేసి నల్లపట్టీలు, జానెడు పొడుగు, పంతొమ్మిదేళ్ల వయసు. పట్టీల చేపలంటాం వాటిని. వాటికి రెండు అలవాట్లున్నాయి. నిద్రపోయేటప్పుడు చచ్చిపోయినట్టు పక్కకి ఒరిగి పడుకుంటాయి, కొత్తగా పెంచేవాళ్లు అది చూసి ఏడుస్తారు. తిండి తినేటప్పుడు మాత్రం టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తాయి. గుంపులోనే బతుకుతాయి, విడదీస్తే తిండి మానేస్తాయి. ఆరోజు వాటిని ఎవరికివ్వాలో తేల్చాలి. మాలో ఎవరూ తీసుకోకపోతే పక్క ఊరి దుకాణం అతను పట్టుకెళ్తానన్నాడు. పట్టుకెళ్లి ఒక్కొక్కదాన్నీ విడిగా అమ్ముతాడు.

మా అధ్యక్షుడు డెట్లెఫ్ కాగితం ముందు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ఆరొందల లీటర్లకి తక్కువ కాని తొట్టి, దాని కింద నీళ్లు వడకట్టి తిప్పే సంపు, అదీ నడుస్తున్నది. ఈ రెండూ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యే లేచింది. అది ఎవాల్ట్‌ది.

అందులో వింతేం లేదు. పంతొమ్మిదేళ్ల కిందట క్లబ్బు పన్నెండు పిల్లల్ని ఒకేసారి తెప్పించినప్పుడు ఆరు ఇక్కడ ఉంచుకున్నాం (అందులో ఒకటి తర్వాత పోయింది), ఆరు ఎవాల్ట్ భార్య రోస్విటా తీసుకెళ్లింది. రోస్విటా పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఎవాల్ట్ ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క చేపనీ తీసుకెళ్లలేదు. తొట్టి ఎలా ఉందని ఎవరడిగినా "భేషుగ్గా ఉంది" అనేవాడు.

"చెయ్యెత్తావు సరే, నీ సంపు నడుస్తోందా?" అన్నాడు డెట్లెఫ్.

అలా అడగడమే అతను చేసిన పొరపాటు. ఎవాల్ట్ పెన్ను తీశాడు.

"నడుస్తోందా అని నన్నడుగుతావేంట్రా డెట్లెఫ్? నీళ్లు నడిపించడం నాకు చెప్పాలా? పైన తొట్టి ఏడొందల ఇరవై లీటర్లు, కింద బీరువాలో సంపు నూటయాభై. మామూలువాళ్లు ఏం చేస్తారు, సంపులో ఒక మోటారు పెట్టి నీళ్లు పైకి తోస్తారు, పైన అంచు దాటిన నీళ్లు గొట్టంలో పడి వాటంతట అవే కిందికి దిగుతాయి, వీళ్లు సోఫాలో కూర్చుని టీవీ చూస్తారు. అదీ ఒక పనేనా? నేను ముప్పై రెండేళ్లు ఆగ్నెస్ గనిలో నీళ్లు తోడినవాణ్ణి. కిలోమీటరు లోతున ఉండేది మా సంపు. అక్కడ నీళ్లు వాటంతట అవి దిగుతున్నాయంటే అర్థమేంటో తెలుసా? నువ్వు టిఫిన్ డబ్బా కూడా వదిలేసి నిచ్చెనెక్కాలని అర్థం. నేను చెప్పకుండా నీళ్లు దిగడానికి వీల్లేదు. అందుకని మా ఇంట్లో పైకి తోయడానికో మోటారు, కిందికి లాగడానికో మోటారు, దేని వాల్వు దానికి."

"ఆ రెండో మోటారు పీకెయ్యమని పదిహేనేళ్లుగా మొత్తుకుంటున్నాను," అన్నాడు డెట్లెఫ్ మావైపు తిరిగి. "పైకి ఎంత తోస్తే కిందికి అంతే దిగుతుంది. ఒకడు కూర్చుని సర్దాల్సిన పనేలేదు."

"సర్దాల్సిన పని లేదట. విన్నారా? పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నేను పీట వేసుకుని తొట్టి పక్కన కూర్చుంటాను. చెవి గాజుకి ఆనిస్తాను. పై మోటారు ఓ రాగం, కింది మోటారు ఓ రాగం, రెండూ కలిసేదాకా వాల్వు తిప్పుతాను. పావు తిప్పు. పావంటే పావే, పావుకి ఒక వెంట్రుకవాసి ఎక్కువైతే పైన పొంగుతుంది, తక్కువైతే కింద పొంగుతుంది. తొట్టి గాజుమీద నీళ్ల అంచు దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీశాను. పన్నెండేళ్లు. నీళ్లు ఆ గీత దాటలేదు, దిగలేదు."

"సరే, ఇంతవరకు నమ్ముతాం," అన్నాడు జెమాల్. అతనూ ఆగ్నెస్ గనివాడే, ఎవాల్ట్‌తో పాతికేళ్లు పనిచేశాడు. ఎవాల్ట్ కోతలు గని లోపలే వినడం మొదలుపెట్టినవాడు. "మొదటి రోజు సంగతి చెప్పు."

ఈ కథకి ఎప్పుడూ రోజుల లెక్క ఉంటుంది. మొదటి రోజు, రెండో రోజు, అలా తొమ్మిది రోజులు. ఎందుకో మేమెవ్వరం ఎన్నడూ అడగలేదు.

"మొదటి రోజా? మొదటి రోజు నేను వాల్వు పావు తిప్పేసరికి రెండు మోటార్లూ ఎంత సమానంగా కుదిరాయంటే, ఇంట్లో కరెంటు మీటరు ఎటు తిరగాలో తెలీక ఆగిపోయింది. ఆఫీసువాడు పరిగెత్తుకొచ్చాడు. మీటరు చూశాడు, నన్ను చూశాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. 'అయ్యా, కాస్త కదిలించండి, మా ఉద్యోగాలు పోతాయి' అన్నాడు. ఆ నీళ్లమీద నేను సాసరు పెట్టి, సాసరులో కాఫీ కప్పు పెట్టి, తాగి, మళ్లీ పెట్టాను. బొట్టు తొణకలేదు. రోస్విటాకి చెబితే ఏమందో తెలుసా? 'ఆ సాసరు ఎవరు కడిగారు' అంది."

అందరం నవ్వాం. టిక్కు, టిక్కు, పెన్ను మాత్రం ఆగలేదు. కిటికీ పక్కన ఒక్క ఇర్మ్‌గార్ట్ లిప్కా నవ్వలేదు, అల్లిక మీంచి తలెత్తలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఎవాల్ట్ వాళ్ల ఇంటికి కింది వాటాలో ఉంటుంది, రోస్విటాయే ఆవిణ్ణి క్లబ్బులోకి లాక్కొచ్చింది. క్లబ్బులో చిన్నా పెద్దా అందరం ఒకరినొకరం నువ్వనే అంటాం. వీళ్లిద్దరు మాత్రం ముప్పై ఒక్కేళ్లు పైనా కిందా కాపురాలు చేసి కూడా పావ్లిక్ గారూ మీరు, లిప్కా గారూ మీరు అనే అనుకుంటారు. మావైపు నువ్వనుకుందామని పెద్దవాళ్లే ముందు అనాలి. ఆవిడ ఎన్నడూ అనలేదు.

"రెండో రోజు," అన్నాడు ఎవాల్ట్. "మా వీధి సంగతి మీకు తెలుసు, కింద బొగ్గంతా తోడేశాక నేల కుంగి ఇళ్లన్నీ ఓ పక్కకి ఒరిగాయి. మా వంటింట్లో బల్లమీద గుడ్డు పెడితే దానంతటదే హాల్లోకి దొర్లి వస్తుంది. తొట్టి మాత్రం వంకర పోకూడదు కదా, వంకర పోతే నీళ్లు సమంగా ఉండవు. నేనేం చేశానంటే, కింది మోటారు పావు తిప్పాను, నీళ్లు ఎడమపక్క కొంచెం బరువెక్కాయి, తొట్టి నిటారుగా అయింది. తొట్టితోబాటు నేల. నేలతోబాటు ఇల్లు. కిర్రుమని మొత్తం ఇల్లు లేచి నిలబడింది. వీధి చివర చర్చి గోపురం ఎనభై ఏళ్లుగా ఒరిగి ఉంది కదా, అదీ సిగ్గుపడి సర్దుకుంది. ఫాదర్ బయటికొచ్చి తల పైకెత్తి చూసి, 'పావ్లిక్, గంట కూడా శ్రుతి తగ్గి మోగుతోంది, చూస్తావా?' అన్నాడు."

"గోపురం ఇప్పటికీ ఒరిగే ఉంది, నిన్ననే చూశాను," అన్నాడు డెట్లెఫ్.

"మూడో రోజు మళ్లీ వదిలేశాను. పెళ్లి ఫోటోలు తీసుకునేవాళ్లు పాత గోపురమే కావాలన్నారు." ఊపిరి కూడా తీసుకోకుండా ముందుకెళ్లాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో రోజు ఆగ్నెస్ గని నుంచి ఫోను. గని మూసేసినా నీళ్లు తోడటం మానకూడదు కదా, మానితే ఊరంతా చెరువే. కింద పెద్ద మోటార్లు రెండూ మొరాయించాయట. కుర్ర ఇంజనీరు, గొంతు వణుకుతోంది. 'పావ్లిక్ గారూ, మీరు వస్తారా?' అన్నాడు. నేనెందుకు రావాలి, ఇంట్లో చెప్పులేసుకుని ఉన్నాను. తోటకి నీళ్లుపెట్టే గొట్టం ఒకటి కిటికీలోంచి వదిలాను. అది వీధి దాటి, రైలుపట్టాలు దాటి, గని బావిలో కిలోమీటరు కిందికి దిగింది. నా తొట్టి మోటారు. అరచేతిలో పట్టేంత మోటారు. పావు తిప్పాను. గని సంపు నీళ్లు పైకి లేచాయి."

"వట్టి నీళ్లేనా?" అన్నాడు జెమాల్.

"వట్టి నీళ్లెందుకవుతాయి? ముందు బొగ్గు నురగ. తర్వాత హెల్మెట్లు, పదమూడు. ఆ తర్వాత నీ టిఫిన్ డబ్బా, జెమాల్, ఎనభై నాలుగులో నువ్వు పోగొట్టుకున్నది. మూత తీస్తే మీ ఆవిడ పెట్టిన జున్ను రొట్టె, ఇంకా వెచ్చగా ఉంది."

"అది తిన్నావా?"

"తినకుండా ఎలా ఉంటాను? ఆ తర్వాత గుర్రం. మా తాతల కాలంలో బొగ్గు బండ్లు లాగినవాటిల్లో ఒకటి కింద తప్పిపోయింది కదా. అదొచ్చింది, ఒళ్లంతా నలుపు, మా హాల్లో నిలబడి దులుపుకుంది. బతికే ఉంది. చాలా కోపంగా ఉంది. రోస్విటా ఏమందో తెలుసా? 'తివాచీ తీసి లోపలికి రానివ్వాల్సింది' అంది."

ఈసారి నేనూ కాఫీ ఒలికేలా నవ్వాను. ఎవాల్ట్ నవ్వడు. కథ చెప్పేటప్పుడు అతని కళ్లు మామీద ఉండవు, కొంచెం కిందికి చూస్తుంటాయి, ఎదురుగా ఎవరో పడుకుని వింటున్నట్టు. ఆ సంగతి ఆరోజు తర్వాతే నాకు తట్టింది.

"ఐదో రోజు గని సంపు ఎండింది. నీళ్లు ఎటు పోతాయి, ఎంషెర్ నదిలోకి. ఆరో రోజు ఎంషెర్ నిండి రైన్ నదిలో కలిసింది. ఇప్పుడు చూడండి లెక్క: నా సంపుకి రైన్ నది పైతొట్టి అయింది. రైన్‌ని సర్దాలి. పొద్దున పావు తిప్పాను. బొగ్గు పడవలు వరసగా ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఒక కెప్టెను మెగాఫోన్ పెట్టి అరుస్తున్నాడు, 'ఎవాల్ట్, అర తిప్పు తగ్గించు, మా ఆవిడ సూపు వండుతోంది, ఒలికిపోతోంది' అని. ఏడో రోజు పడవలన్నీ నా పెన్సిల్ గీత చూసుకుని నడుస్తున్నాయి. ఎనిమిదో రోజు హాలండ్ నుంచి ఫోను వచ్చింది. పెద్ద అధికారి, వెనక పిల్లలు ఏడుస్తున్నారు. 'అయ్యా, మా సముద్రం నాలుగు వేళ్లు తగ్గింది, చేపలవాళ్లు పడవలు మోసుకుని నడుస్తున్నారు, మీరేమైనా తాకారా?' అన్నాడు. తాకానన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"అబద్ధం నీ ఒంటికి పడదు మరి," అన్నాడు జెమాల్.

"తొమ్మిదో రోజు. నీళ్లు హాలండ్ సరిహద్దు దాటాయి. గట్టుమీద ఆవులన్నీ లేచి నిలబడ్డాయి. ఇక సముద్రం ఒక్క రోజు దూరం."

పెన్ను ఆగింది.

ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది. మూడేళ్లలో ఎన్నిసార్లు విన్నామో, ఒక్కసారీ సముద్రం చేరలేదు. ఎవరైనా అడిగితే కాఫీ చల్లారిపోయిందని లేచిపోతాడు. మేం దాన్ని కూడా ఒక జోకు చేసుకున్నాం. ఎవరి పనైనా సగంలో ఆగితే 'ఎవాల్ట్ నీళ్లు' అంటాం.

"కాబట్టి," అన్నాడు డెట్లెఫ్‌తో, "ఈ ఐదూ నా తొట్టికి ఒక లెక్కా? రాయి, నా పేరు రాయి."

డెట్లెఫ్ నవ్వుతూనే తన పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.

"పావ్లిక్ గారూ." లిప్కా గారి గొంతు. ఆవిడ అల్లిక ఒళ్లో పెట్టింది. "మీ తొట్టిలో నీళ్లు లేవు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"బతికున్న ఐదు ప్రాణాలు కాబట్టి చెబుతున్నాను. లేకపోతే నేను పోయేదాకా మీరు ఈ కథ చెప్పుకున్నా అడ్డొచ్చేదాన్ని కాదు. మూడేళ్లుగా మా పైకప్పులో మోటారు శబ్దం లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మీరు పీట జరుపుకున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఎండిపోయిన తొట్టి పక్కన కూర్చుంటున్నారు మీరు."

ఎవాల్ట్ నోరు తెరిచాడు. ఇంకో కోత వస్తుందనుకున్నాను, రావాలనే కోరుకున్నాను. రాలేదు. మనిషి ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. బల్లతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"రోస్విటాని ఆస్పత్రిలో చేర్చినప్పుడు మూడు రోజులు నేను ఇంటికి రాలేదు. వాల్వు ఎవరూ తిప్పలేదు. కింది మోటారు గెలిచింది. పైన ఉన్నదంతా కిందికి లాగేసింది, సంపు పొంగింది, మిగతా నీళ్లన్నీ నేలమీదికి. మూడో రోజు బట్టల కోసం వచ్చాను. తొట్టి అడుగున రెండు వేళ్ల నీళ్లున్నాయి. ఆరూ పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాయి." పెన్ను వేళ్ల మధ్య తిప్పుకున్నాడు. "అవి అలాగే కదా పడుకునేది. నిద్రపోతున్నాయనుకున్నాను. చాలాసేపు అలాగే అనుకున్నాను, లేపకూడదని చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను."

తన కాఫీ కప్పు పక్కకి జరిపి మళ్లీ అందుకున్నాడు.

"ఆస్పత్రికి తిరిగి వెళ్లగానే రోస్విటా అడిగింది, చేపలెలా ఉన్నాయని. భేషుగ్గా ఉన్నాయన్నాను. సర్దడం ఎలా ఉందని అడిగింది. ఎంత బాగా కుదిరిందంటే మీటరు ఆగిపోయిందన్నాను. నవ్వింది. మర్నాడు ఇంకోటి చెప్పాను. రోజూ మధ్యాహ్నం ఇంటికెళ్లి ఫోను చెయ్యమనేది, అవి తింటున్న చప్పుడు వినాలని. ఏం వినిపించను? ఈ పెన్ను ఫోను దగ్గర పెట్టి నొక్కేవాణ్ణి."

టిక్కు, అని ఒక్కసారి నొక్కాడు, చూపించడానికి. ఇన్నేళ్లూ నవ్వుతూ విన్న చప్పుడు అది. నాకు కాఫీ కెటిల్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"పదో రోజు పొద్దున నాకు సిగ్గేసింది," అన్నాడు. "పడుకున్న మనిషికి పెన్ను వినిపిస్తున్నాను కదా అని. డెట్లెఫ్, నీ దగ్గర తాళంచెవి అడిగాను గుర్తుందా?"

డెట్లెఫ్ తలూపాడు. అతని మొహం ఎర్రబడింది.

"ఇక్కడికొచ్చాను. ఈ తొట్టి గాజుకి ఫోను ఆనించి రికార్డు పెట్టాను. నిజం చప్పుడు తీసుకెళ్దామని. తిండి వేశాను, తినవు. కొత్త మనిషిని చూసి మూల దూరాయి. గంట కూర్చున్నాను. గంట తర్వాత తిన్నాయి, టిక్కుమన్నాయి. అది పట్టుకుని వెళ్లేసరికి దుప్పటి మొహం మీదికి కప్పేశారు." అతను మూలనున్న తొట్టివైపు చూశాడు. "అందుకే ఇవి కావాలన్నాను. దుకాణం వాడు వీటిని తలోచోటికీ పంపేస్తే ఆ చప్పుడు ఇంకెక్కడా ఉండదు."

లిప్కా గారు లేచింది. మోకాళ్లు పట్టుకుని, కుర్చీలు పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"మీ నీళ్లు నా పైకప్పులోంచి రెండో రోజే దిగాయి," అంది. "సెల్లార్‌లో మీ ఫ్యూజు నేనే పీకాను. మర్నాడు మీకు చెబుదామని ఆస్పత్రికొచ్చాను. మీరు బట్టల కోసం వెళ్లారన్నారు. రోస్విటా నన్ను చూసి, 'నీ జుట్టులో ఆ సున్నం ఏంటి ఇర్మ్‌గార్ట్' అంది. నాకు అబద్ధాలు రావు. మొత్తం చెప్పేశాను."

"తనకి తెలుసా?" అన్నాడు ఎవాల్ట్.

"మీరు తిరిగి రాకముందే తెలుసు. ఏడ్చింది. ఏడ్చి మొహం తుడుచుకుంది. సాయంత్రం మీరు వెళ్లి ఆ మీటరు సంగతేదో చెప్పారట. మర్నాడు నాతో అంది: 'ఆయనకి చెప్పకు. పన్నెండేళ్లుగా పొద్దునా సాయంత్రం ఆ తొట్టి పక్కనే కూర్చున్నాడు. ఇన్నాళ్లకి నా పక్కన కూర్చున్నాడు. ఎన్ని రోజులు కూర్చుంటాడో కూర్చోనీ.'"

"మరి ఆ పెన్ను?"

"అదీ తెలుసు. 'నా చేపలు లెక్కగా కొట్టవు, ఇర్మ్‌గార్ట్, ఈయన గడియారంలా కొడుతున్నాడు' అని నవ్వేది. ఫోను చెవి దగ్గరే పెట్టుకునేది, మీరు ఆపేదాకా."

ఆవిడ మంచి మాట చెప్పాననే అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం. ఎవాల్ట్ వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు:

"అయితే ఆ పొద్దున నేను ఇక్కడికి రావాల్సిన పనే లేదు. పెన్ను సరిపోయేది. పక్కనే ఉండేవాణ్ణి."

జెమాల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. లిప్కా గారి చెయ్యి ఎవాల్ట్ చేతిమీదికి వెళ్లింది.

"నేనున్నాను పక్కన," అంది. "తను భయపడలేదు. తలుపువైపు చూస్తూ, 'ఇవాళ ఆలస్యమైంది, సముద్రం దగ్గర ఉండుంటాడు' అంది. అదే ఆఖరి మాట." "సముద్రం దగ్గర ఏమైందో నువ్వు చెప్పలేదు, ఎవాల్ట్."

ముప్పై ఒక్కేళ్లలో ఆవిడ అతన్ని నువ్వనడం, పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. అతనికీ వినిపించింది, ఆవిడవైపు తిరిగి చూశాడు.

"ఏముంది, ఇర్మ్‌గార్ట్," అన్నాడు. "అక్కడ వాల్వు లేదు. నేను తిప్పడానికి ఏమీ లేదు. నీళ్లు వాటంతట అవే వెళ్లిపోయాయి."

పెన్ను బల్లమీద పెట్టేశాడు. మూల తొట్టిలో జెమాల్ ఎప్పుడు వేశాడో తిండి, చేపలు తింటున్నాయి. టిక్కు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ రెండు, వెంటవెంటనే. లెక్కా పత్రం లేకుండా.

డెట్లెఫ్ జేబులో అతని పెన్ను దొరకలేదు. బల్లమీదున్నది తీసుకుని కాగితంమీద ఎవాల్ట్ పేరు రాశాడు. లిప్కా గారు ఆ కాగితం తనవైపు తిప్పుకుని చదివింది. పేరు పక్కన ఒక్క మోటారు చాలని కూడా రాయించింది.